భోగి మంటల్లో వీడియో క్యాసెట్లు వేయకండి

సంపాదకుల వారికి నమస్కారం.

భోగి దగ్గర పడింది. తిరుపతిలోనూ చిత్తూరులోనూ ఇళ్లకు వెల్లలు వేస్తున్నారు, అటకలు దులుపుతున్నారు. విరిగిన కుర్చీలు, చిరిగిన చాపల వెంట అట్టపెట్టెల నిండా వీడియో క్యాసెట్లు కూడా కిందికి దిగుతున్నాయి. కొన్ని పాత సామాన్ల బండి ఎక్కుతాయి, మిగిలినవి మంటలోకి పోతాయి. ఆడించే మిషనే ఇంట్లో లేనప్పుడు క్యాసెట్టు ఎందుకు అనిపించడం సహజం. ప్లాస్టిక్ పొగ పిల్లల ఊపిరికి మంచిది కాదు, అది ఒక కారణం. అంతకంటే పెద్ద కారణం ఇంకొకటి ఉంది. ఆ పెట్టెలో ఏ సినిమాకు మిగిలిన మంచి కాపీ ఉందో చూడకుండా ఎవరూ చెప్పలేరు. ఎలా చూడాలో, చూసినదాన్ని చెడగొట్టకుండా కంప్యూటర్‌లోకి ఎలా ఎక్కించాలో చెప్పడానికే ఈ లేఖ. కాస్త పొడుగైంది. కుదిస్తే పనికొచ్చే వివరాలే పోతాయని అలాగే పంపుతున్నాం.

తెలుగు టాకీ 1932లో మొదలైంది. పుణెలో జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ ఏర్పడింది 1964లో. ఆ మధ్య 32 ఏళ్ల సినిమాలు నిర్మాతల గోడౌన్లలో, మద్రాసు ల్యాబుల్లో ఎవరి దయ మీదో బతికాయి. 1950ల తొలినాళ్ల వరకు వాడిన నైట్రేట్ ఫిల్ము ఇట్టే అంటుకుంటుంది. అంటుకోకపోయినా ఏళ్లు గడిచేకొద్దీ జిగురై, ఆఖరికి పొడై పోతుంది. తర్వాత వచ్చిన అసిటేట్ ఫిల్ము వేడికీ చెమ్మకీ వెనిగర్ వాసన కొడుతూ ముడుచుకుపోతుంది. రంగుల ప్రింట్లు వెలిసి ఎర్రబారతాయి. 1980ల్లో ఎవరో ఒక ప్రింటును టెలిసినీ (ఫిల్మును వీడియోగా మార్చే యంత్రం) మీద వేసి క్యాసెట్టుకు ఎక్కించారంటే, ఆ రోజుకి ఆ ప్రింటు ఎంత రంగుతో, ఎంత నిడివితో ఉందో అంతా ఆ టేపులో నిలిచింది. ఆ తర్వాత నెగెటివ్ పోయి ఉండొచ్చు. టీవీ కోసం పాటలూ సీన్లూ కోసేసి ఉండొచ్చు.

మన చిత్తూరు పేరును తన పేరులో మోసిన నాగయ్య గారి 1940ల సినిమాలనే తీసుకోండి. ఆ కాలపు ఫిల్ము చట్రం వెడల్పు ఎత్తుకు 1.37 రెట్లు, అంటే ఇంచుమించు పాత టీవీ తెర ఆకారమే. అందువల్ల క్యాసెట్లోకి వచ్చినా బొమ్మ పక్కలు పెద్దగా తెగలేదు. 1970ల నుంచి వచ్చిన సినిమాస్కోపు సంగతి వేరు. 2.35 వెడల్పు బొమ్మను 1.33 తెర నిండా చూపాలని పక్కలు కోస్తే నూటికి 43 పాళ్లు పోయినట్టే. రెండు రకాల క్యాసెట్లూ ఉండి ఒక్కదానికే తీరిక ఉంటే ముందు నలుపు తెలుపుది పట్టుకోండి.

పెట్టె దించగానే క్యాసెట్టును మిషనులో దోపకండి. మొదట టార్చి వేసి క్యాసెట్టు మీది పారదర్శకపు కిటికీలోంచి టేపు చుట్ట అంచు చూడండి. నల్లగా, నున్నగా ఉంటే మంచిది. తెల్లటి పొడి, దూదిపోగుల్లాంటి నూలు కనిపిస్తే అది బూజు. బూజు క్యాసెట్టు ఒక్కటి ఆడిస్తే చాలు, మిషనులో టేపును చదివే హెడ్లకు అంటుకుని తర్వాత పెట్టే ప్రతి క్యాసెట్టుకూ పాకుతుంది. మన వైపు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి కనుక సంక్రాంతికి దిగే క్యాసెట్లు చెమ్మ పీల్చుకుని ఉంటాయి. గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ గుళికలు పోసి రెండు వారాలు ఉంచాలి. నీలం గుళికలు గులాబీ రంగుకు తిరిగాయంటే వాటి పని అయిపోయినట్టు, కొత్తవి వేయాలి. త్వరగా ఆరుతుందని మిద్దె మీద ఎండలో పెట్టకండి. డొల్ల వంకర పోతుంది, టేపు సాగుతుంది. సాగిన టేపుకు మందు లేదు.

బూజు ఎండి పొడిబారిన తర్వాతే డొల్ల విప్పాలి. ముక్కుకు ఎన్-95 మాస్కు తప్పనిసరి. అడుగున అయిదు మరలు ఉంటాయి. పై మూత నెమ్మదిగా లేపి, ఏ స్ప్రింగు ఎక్కడుందో ఫోనులో ఒక ఫొటో తీసుకోండి. పోగు రాలని మెత్తటి గుడ్డ మడత మధ్య నుంచి టేపును చేత్తో మెల్లగా చుడుతూ పొడి తుడవాలి, గుడ్డను తరచూ మార్చాలి. పొరకు పొర అంటుకుని రాకపోతే అక్కడితో ఆపండి. బలంగా లాగితే టేపు మీది ఆక్సైడు పొర ఊడి వస్తుంది, బొమ్మ ఉన్నదే ఆ పొరలో. శుభ్రం చేసిన చుట్టలను పాత డొల్లలో మళ్లీ పెట్టకూడదు. పనికిరాని వేరే క్యాసెట్టు డొల్ల ఒకటి కడిగి ఆరబెట్టి అందులో బిగించండి.

టేపు తెగి ఉంటే మామూలు సెల్లో టేపుతో అతకడం చాలామంది చేసే పొరపాటు. దాని జిగురు వేడికి బయటికి కారి హెడ్లను పట్టుకుంటుంది. స్ప్లైసింగ్ టేపే వాడాలి, అదీ లోపలివైపు. మూత రెప్ప ఎత్తితే మనకు కనిపించే బయటి ముఖమే రికార్డయిన ముఖం, దానికి వేలు కూడా తగలకూడదు. నలిగిన రెండు అంగుళాలు కత్తిరించి పారేయడం కన్నా సాఫు చేసి ఉంచడం మేలు. సెకనుకు 2.34 సెంటీమీటర్ల టేపు నడుస్తుంది కనుక రెండు అంగుళాలు అంటే రెండు సెకన్ల సినిమా. ఇక వెన్ను మీది రికార్డింగు ట్యాబు విరిచారో లేదో చూసుకోండి. విరవకపోతే ఒక్క తప్పు బటనుతో సినిమా చెరిగిపోతుంది.

క్యాసెట్లు ఆడించే మిషను, అంటే వీసీఆర్ (రికార్డు కూడా చేసేది) గానీ వీసీపీ (ఆడించేది మాత్రమే) గానీ, కొత్తది ఇక దొరకదు. జపాన్‌లో ఫునై సంస్థ 2016 జులైలో తయారీ ఆపేయడంతో ఆ కథ ముగిసింది. కాబట్టి ఉన్న మిషన్లే కాపాడుకోవాలి. ఏళ్ల తరబడి వాడనిదాన్ని ప్లగ్గు పెట్టగానే అసలు క్యాసెట్టు వేయకండి. టేపును నడిపే పింఛ్ రోలరు, చుట్టలను తిప్పే ఐడ్లరు రబ్బర్లు మన ఎండలకు గట్టిపడి ఉంటాయి, టేపును నమిలేస్తాయి. పోయినా బాధలేని క్యాసెట్టు ఒకటి గంటసేపు ఆడించి, ముందుకీ వెనక్కీ తిప్పి చూడండి. హెడ్లను దూదిపుల్లతో తుడవకూడదు. దూది పోగు చిక్కుకుని హెడ్‌లోని ఫెరైటు ముక్క విరుగుతుంది. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తడిపిన షామీ తోలును హెడ్లు అమర్చిన డ్రమ్ముకు ఆనించి కదలకుండా పట్టుకుని, రెండో చేత్తో డ్రమ్మును తిప్పాలి. పైకీ కిందికీ రుద్దితే హెడ్లు పోయినట్టే. మందుల షాపు స్పిరిట్‌లో నీళ్లూ ఇతర పదార్థాలూ కలిసి ఉంటాయి కనుక అది పనికిరాదు. రబ్బరు రోలరుకు మాత్రం ఆల్కహాలు వద్దు, తడి గుడ్డ చాలు.

ఇప్పుడు ఎక్కించే పని. ఆడించే ముందు క్యాసెట్టును ఒకసారి చివరి దాకా, మళ్లీ మొదటికి తిప్పండి. ఏళ్లుగా ఒకే బిగువులో ఉన్న చుట్ట సమంగా సర్దుకుంటుంది. మిషను నుంచి యాంటెన్నా వైరు మీద సిగ్నల్ తీసుకోకండి, పసుపు, తెలుపు పిన్నుల ఏవీ కేబులే వాడండి. వెలుగునూ రంగునూ విడివిడిగా పంపే ఎస్-వీడియో పిన్ను ఉన్న వీసీఆర్ దొరికితే ఇంకా నయం. వీహెచ్‌ఎస్‌లో (మన ఇళ్లలోని క్యాసెట్ల పద్ధతి ఇదే) వెలుగు సంకేతం, రంగు సంకేతం విడివిడిగానే ఉంటాయి, వాటిని కలిపి మళ్లీ విడదీయకపోతే అంచుల మీద చుక్కల పాకుడు ఉండదు. షార్ప్‌నెస్ మీట ఉంటే పూర్తిగా తగ్గించండి.

వీసీఆర్‌ను నేరుగా చవక యూఎస్‌బీ డాంగిల్‌కు (వీడియోను కంప్యూటర్‌కు అందించే చిన్న పరికరం) తగిలిస్తే వచ్చే ఇబ్బంది ఒకటుంది. టేపు కొద్దిగా సాగడం వల్ల, డ్రమ్ము తిరిగే వేగం వెంట్రుకవాసి మారడం వల్ల బొమ్మలోని ఒక్కో అడ్డగీత మొదలయ్యే క్షణం అటూ ఇటూ అవుతుంది. గుడి మండపంలో తీసిన సీనులో స్తంభాలు పాముల్లా మెలికలు తిరుగుతాయి, తెర పైభాగం ఒక పక్కకు వంగుతుంది. పాత టీవీ దీన్ని సర్దుకునేది, కంప్యూటర్ సర్దుకోదు. ఫ్రేములు వదిలేస్తుంది. అరగంట గడిచేసరికి పెదవులకూ మాటకూ పొంతన తప్పుతుంది. దీనికి గీతల సమయాన్ని సరిచేసే టైమ్ బేస్ కరెక్టరు కావాలి. అసలుది ఖరీదు. పానాసోనిక్ డీఎంఆర్-ఈఎస్10, ఈఎస్15 అనే పాత డీవీడీ రికార్డర్లను మధ్యలో పెట్టి సిగ్నల్‌ను వాటి గుండా పంపితే ఈ వంకరలు చాలావరకు సర్దుకుంటాయి. వాటిలో డిస్క్ రికార్డు చేయనక్కర్లేదు, దారిగా వాడితే చాలు.

ఫైలును 720×576 కొలతలో, సెకనుకు 25 ఫ్రేములు, 50 ఫీల్డులుగా (ఒక్కో ఫ్రేములో గీత విడిచి గీతగా ఉండే రెండు సగాలే ఫీల్డులు), ఆ సగాల అల్లికను (ఇంటర్‌లేస్) విప్పకుండా, 4:2:2 రంగుతో (రంగు వివరం అడ్డంగా సగం ఉంచే పద్ధతి), బొమ్మకు నష్టం లేకుండా కుదించే కోడెక్‌లో దాచాలి. హఫ్‌వైయూవీ గానీ ఎఫ్ఎఫ్‌వీ1 గానీ వాడొచ్చు. కుదించకపోతే గంటకు 75 జీబీ తింటుంది, ఇలా అయితే సుమారు 30 జీబీ. రెండున్నర గంటల సినిమాకు 75 జీబీ అనుకోండి. 0 నుంచి 255 దాకా ఉండే కొలతలో వెలుగు స్థాయి 16 నుంచి 235 లోపు ఉండేలా ఎక్కించేటప్పుడే సరిచేయాలి. తెల్లపంచె వెలుగు ఒకసారి కోసుకుపోతే తర్వాత ఎంత తగ్గించినా మడతలు తిరిగి రావు. వర్చువల్ డబ్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో వదిలిన ఫ్రేముల లెక్క కనిపిస్తుంది. అది సున్నా దగ్గర ఉండాలి. పదులు దాటితే ఆపి కారణం వెతకండి. తెర అడుగున వచ్చే చిందరవందర గీతలు ఒక హెడ్ నుంచి ఇంకో హెడ్‌కు మారే చోటు, వాటిని దాచే ఫైలులో కోయకండి. ఆడించేటప్పుడు 4:3 గా చూపమని మాత్రం గుర్తు పెట్టాలి. అది మరిచిపోతే మనుషులు సన్నబడతారు, 16:9 కి లాగితే లావెక్కుతారు.

ఎలక్ట్రానిక్స్ చేయి తిరిగినవాళ్లకు దీనికంటే మంచి దారి వీహెచ్‌ఎస్-డీకోడ్ అనే సాఫ్ట్‌వేర్. హెడ్ల నుంచి వచ్చే రేడియో సంకేతాన్ని వీసీఆర్ బొమ్మగా మార్చక ముందే, బోర్డు మీది టెస్ట్ పాయింట్ దగ్గర వైరు అతికి పట్టుకోవడం ఇందులో కిటుకు. సీఎక్స్23883 చిప్పున్న పాత టీవీ కార్డు సెకనుకు 2.86 కోట్ల నమూనాలు తీస్తుంది. గంటకు 103 జీబీ వస్తుంది, నష్టం లేకుండా కుదించే ఫ్లాక్ రూపంలో పెట్టి తగ్గించుకోవచ్చు. వంకరలు సరిచేయడం, రంగు విడదీయడం అంతా తర్వాత సాఫ్ట్‌వేర్‌లో జరుగుతుంది. రేపు ఇంకా మంచి సాఫ్ట్‌వేర్ వస్తే టేపు ముట్టకుండా అదే ఫైలును మళ్లీ డీకోడ్ చేసుకోవచ్చు. అరిగిపోతున్న టేపుకు ఇంతకంటే ఏం కావాలి? హై-ఫై ధ్వనికి (కొన్ని క్యాసెట్లలో ఉండే మెరుగైన ధ్వని) మాత్రం ఇంకో సంకేతం విడిగా పట్టాలని మరిచిపోవద్దు.

తెలుగువాళ్లు ఎక్కువగా పట్టించుకోవాల్సింది శ్రుతి. సినిమా సెకనుకు 24 ఫ్రేములు, మన దేశపు టీవీ పద్ధతి పాల్, ఆ వీడియో 25. టెలిసినీలో ఫిల్మును అలాగే వేగంగా నడిపించారు కనుక నిడివి నూటికి నాలుగు తగ్గుతుంది, పాట శ్రుతి అర్ధస్వరంలో దాదాపు ముప్పావు వంతు పెరుగుతుంది. రాగం తెలిసిన చెవికి గాయకుడి గొంతు సన్నగా, పరుగెత్తినట్టు వినిపించేది ఇందుకే. సరిచేసేటప్పుడు శ్రుతి మారకుండా వేగం మాత్రమే తగ్గించే ఫిల్టరు వాడకండి. 48,000 నమూనాల ధ్వనిని 46,080 గా ప్రకటించి, తిరిగి 48,000 కు మార్చాలి. అప్పుడు వేగమూ శ్రుతీ కలిసి దిగుతాయి. ఫిల్ము నుంచి వచ్చిన పాల్ బొమ్మకు డీఇంటర్‌లేస్ (ఫీల్డుల అల్లిక విప్పడం) కూడా అక్కర్లేదు. రెండు ఫీల్డులూ ఒకే ఫ్రేమువి, ఒక ఫీల్డు పక్క ఫ్రేములోకి జరిగి ఉంటే సరైన జత కలిపితే సరి. అమెరికా నుంచి బంధువులు తెచ్చిన ఎన్‌టీఎస్‌సీ (అక్కడి టీవీ పద్ధతి) క్యాసెట్ల లెక్క వేరు. పాల్ నుంచి మార్చినవైతే ఫీల్డులు ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉంటాయి. అదే సినిమా పాల్‌లో దొరికితే ఎన్‌టీఎస్‌సీ మీద సమయం పెట్టకండి.

క్యాసెట్లో సినిమా పూర్తిగా ఉందా లేదా తెలుసుకోవడానికి సెన్సారు సర్టిఫికెట్టు మీద నిడివి చూడండి. అదృష్టవశాత్తూ కొన్ని క్యాసెట్లలో మొదట అది ఉంటుంది. 35 ఎంఎం ఫిల్ము నిమిషానికి 90 అడుగులు, అంటే 27.43 మీటర్లు నడుస్తుంది. సర్టిఫికెట్టులో 4,000 మీటర్లు అని ఉంటే థియేటర్లో 146 నిమిషాలు, పాల్ క్యాసెట్లో 140 నిమిషాలు రావాలి. మీకు 128 వచ్చిందంటే 12 నిమిషాలు ఎక్కడో పోయాయి. పాత సర్టిఫికెట్లలో అడుగులు ఉంటాయి. 15,000 అడుగులైతే క్యాసెట్లో 160 నిమిషాలు. ఇలా లెక్క కట్టి, ఒక క్యాసెట్లో లేని పాటను ఇంకో క్యాసెట్లోంచి తెచ్చి అతికితే పూర్తి సినిమా కూడుతుంది. అతికిన చోట్లు నిమిషం, సెకనుతో సహా ఒక టెక్స్ట్ ఫైలులో రాసి సినిమాతో పాటే ఉంచాలి. అలా రాయకపోతే ఏది ఎక్కడి నుంచి వచ్చిందో పదేళ్ల తర్వాత ఎవరికీ తెలియదు.

ఒకే సినిమాకు ఒకే కంపెనీ విడుదల చేసిన మూడు క్యాసెట్లు దొరికితే ఇంకో మేలు ఉంది. మూడింటినీ ఫ్రేముకు ఫ్రేము సరిపెట్టి, ప్రతి చుక్కకూ మూడు విలువల్లో నడిమిది తీసుకుంటే, ఒకదానిలో మెరిసే తెల్లగీత మిగతా రెండింటిలో ఉండదు కనుక తనంతట తనే పోతుంది. ఒకే క్యాసెట్టును మూడుసార్లు ఆడిస్తే మిషను వల్ల వచ్చే తేడాలే పోతాయి. టేపు మీద పొర రాలిన చోటు మూడుసార్లూ అలాగే కనిపిస్తుంది. కాపీకి కాపీ తీసిన క్యాసెట్లలో రంగు కిందికి జారుతుంది, బొట్టు నుదుటి మీద కాక కనుబొమల మధ్యకు దిగినట్టు ఉంటుంది. రంగు పొరను ఆ మేరకు పైకి జరిపితే సరిపోతుంది. నలుపు తెలుపు సినిమాకైతే రంగు పొర మొత్తం తీసేయండి, అందులో ఉన్నదంతా మచ్చలే.

ఏఐతో 4కే చేశామని వస్తున్న వీడియోల గురించి గట్టిగా చెప్పాలి. వీహెచ్‌ఎస్‌లో అడ్డంగా ఉన్న వివరం సుమారు 240 గీతలు. లేని వివరాన్ని యంత్రం ఊహించి గీస్తుంది. ముఖాలు మైనం బొమ్మల్లా అవుతాయి, చీర జరీ అంచు పోయి మరక మిగులుతుంది. అన్నిటికంటే నష్టం టైటిళ్లకు. మన ఒత్తులు, గుణింతాలు ఆ 240 గీతల్లో ముందే కలిసిపోయి ఉంటాయి. ‘క’ కింద ఉన్నది ‘ష’ వత్తో ‘ట’ వత్తో యంత్రానికి తెలియదు, ఏ భాషలోనూ లేని గుర్తు ఒకటి గీసిపెడుతుంది. కళాకారుల పేర్లు ఆ టైటిళ్లలో తప్ప ఇంకెక్కడా నమోదు కాని సినిమాలు ఉన్నాయి. మెరుగులు పెట్టుకోవాలంటే వేరే కాపీ మీద పెట్టుకోండి. ఎక్కించిన అసలు ఫైలు మాత్రం చెరపకండి. కొత్త కాపీల కోసం ధ్వనిని ఆరు చానెళ్ల 5.1 కు మార్చి పాత మోనో ట్రాకు తీసేసినప్పుడు కూడా ఇదే మాట. ఆ మోనో ధ్వని క్యాసెట్టులోనే మిగిలి ఉంటుంది.

వీసీడీల (సీడీల్లో వచ్చిన సినిమాల) మాట క్లుప్తంగా. కొలత 352×288, ఒక డిస్కుకు 74 నిమిషాలు, అందుకే సినిమా రెండు మూడు డిస్కుల్లో వచ్చేది. ఎంపీఈజీఏవీ ఫోల్డరులోని డీఏటీ (.DAT) ఫైలును లాగి కాపీ చేస్తే గీత పడ్డ చోట ఆగిపోతుంది. వీసీడీలో సినిమా ఉన్న సెక్టార్లకు మామూలు డేటా సీడీకి ఉండే అదనపు తప్పు సవరణ లేదు. కాబట్టి 2,352 బైట్ల ముడి సెక్టార్లుగా బిన్-క్యూ ఇమేజ్ (డిస్కు మొత్తానికి యథాతథ నకలు) తీయాలి, డ్రైవు వేగం తగ్గించాలి, ఒక డ్రైవు చదవనిది ఇంకో డ్రైవులో ప్రయత్నించాలి. మెరిసే వైపు గీతలకు పాలిష్ పనిచేస్తుంది. పేరు ముద్రించిన వైపు గీత పడితే డేటా పొరే పోయినట్టు.

ఎక్కించిన ఫైళ్లు మూడు చోట్ల ఉండాలి, వాటిలో ఒకటి వేరే ఇంట్లో. ప్రతి ఫైలుకూ ఎస్‌హెచ్ఏ-256 సంఖ్య (ఫైలులో ఏ కాస్త మారినా మారిపోయే గుర్తింపు సంఖ్య) తీసి రాసుకుని ఏడాదికోసారి సరిచూడాలి. క్యాసెట్లను మొత్తం వెనక్కి చుట్టి, పుస్తకాల్లా నిలువుగా, రేకుల కప్పు కింద కాకుండా, స్పీకర్లకు దూరంగా ఉంచండి. ఎక్కించాం కదా అని పారేయకండి.

చట్టం సంగతి కూడా తెలియాలి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం సినిమా హక్కు విడుదలైన మరుసటి జనవరి నుంచి 60 ఏళ్లు. 1960 సినిమా హక్కు 2020తో తీరింది, నాగయ్య గారి 1940ల సినిమాలన్నీ ఆ గడువు దాటినవే. పాటల సాహిత్యానికి మాత్రం రచయిత మరణం తర్వాత 60 ఏళ్ల లెక్క వేరుగా ఉంటుంది. హక్కులున్న సినిమాను దాచుకోవడం వేరు, అందరికీ పంచడం వేరు. 2012 సవరణతో చేరిన 52(1)(ఎన్) క్లాజు, వ్యాపారం చేయని ప్రజా గ్రంథాలయం తన దగ్గర డిజిటల్ కాని కాపీ ఉంటే దాన్ని భద్రపరచడానికి ఎలక్ట్రానిక్ రూపంలో నిల్వ చేసుకోవచ్చని చెబుతోంది. అంటే క్యాసెట్టు గ్రంథాలయం చేతికి వస్తే చాలు.

మా విన్నపం ఇదే. తిరుపతిలో 1954 నుంచి ఉన్న శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ గ్రంథాలయం గానీ, చిత్తూరు జిల్లా గ్రంథాలయ సంస్థ గానీ ఒక గది కేటాయించాలి. ఆడే వీసీఆర్లు రెండు, దారికి ఒక డీవీడీ రికార్డరు, క్యాప్చర్ కార్డున్న కంప్యూటర్, 4 టీబీ డిస్కులు మూడు ఉంటే మొదలుపెట్టవచ్చు. ఒక డిస్కులో 50 సినిమాలు పడతాయి, మిగతా రెండు వాటి నకళ్లకు. మిషన్లు సరిచేయడం, విద్యార్థులకు పని నేర్పడం మేం చేస్తాం, జీతం అడగం. అప్పటిదాకా క్యాసెట్లు ఇచ్చేవాళ్లు ఒక చీటీ మీద సినిమా పేరు, ఎక్కడ కొన్నారు లేదా టీవీలో ఏ ఏడాది రికార్డు చేశారు, ఎస్‌పీ (మామూలు) వేగమా ఎల్‌పీ (అందులో సగం) వేగమా అన్నది రాసి డబ్బాలో పెట్టండి. ఎల్‌పీలో తీసిన ఈ-180 (మామూలు వేగంలో 180 నిమిషాల) క్యాసెట్లో ఆరు గంటలు పడతాయి. మొదటి సినిమా అయిపోగానే ఆపేయకుండా చివరి దాకా చూడండి, వెనక ఇంకో సినిమా ఉండొచ్చు.

ఇట్లు,
పాత క్యాసెట్లను డిజిటల్‌లోకి మార్చే పనిలో ఉన్న మిత్రులు,
తిరుపతి.